నూట నలభై ఎనిమిది ముద్దలు

1968 ఏప్రిల్ 18, గురువారం, సాయంత్రం ఆరుంబావు. ఆనాటి డైరీలో ఒక్క వాక్యమే ఉంది: పెరట్లోకి నక్క వచ్చి, గోలెంలో కుడితి తాగింది.

రేపల్లెకు మూడు మైళ్ల దూరంలో, పొలాల అంచున మా ఇల్లు. నేను ఊరి బడిలో ఉపాధ్యాయినిని; మావారు తెనాలిలో గుమాస్తా, వారానికొకసారి రైల్లో వచ్చేవారు. ఏటా లాగే ఆ వేసవిలోనూ కాలువకు నీళ్లు కట్టేశారు. గట్టున పీతలు పట్టుకుని బతికే నక్కకు, బురద నెర్రెలిచ్చాక తినడానికేమీ మిగలలేదు. దాని డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. చన్నులు వేలాడుతున్నాయి కనుక ఎక్కడో పిల్లలున్నాయని అర్థమైంది. జూన్‌లో నీళ్లు వదిలేదాకా వాటిని బతికించాలనుకున్నాను. అంతకు మించి ఆశపడలేదు.

మర్నాటి నుంచి నూకల అన్నంలో ఎండుచేపల తలలు నలిపి పెట్టాను. విడిగా పోస్తే చీమలు పడతాయని, కాకులు చెదరగొడతాయని ముద్దలు కట్టాను. మా పిల్లలకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి కనుక అన్నీ ఒకే కొలతలో వచ్చేవి. రోజుకు మూడు, దడి పక్కన. మే 10న రెండు పిల్లలు తల్లి వెంట వచ్చాయి. ఆ రోజు నుంచి అయిదు.

పక్క పొలం రైతును బాబాయి అని పిలిచేదాన్ని. ఒకనాడు ఆయన దడి అవతల నిలబడి చూశాడు.

"నక్కకి గోరుముద్దలేంటి అమ్మాయ్? నక్క తోక తొక్కితే అదృష్టమంటారు గాని, ఈ నక్క ఎవరి తోక తొక్కొచ్చిందో."

అన్నాడే గాని, మర్నాడు తన ఇంటి నుంచి గిన్నెడు నూకలు పంపాడు.

మే 27, సోమవారం. ఆయన గడ్డివాముకు ఎలుకలు పట్టాయి. సాయంత్రం నాలుగింటికి దడి దగ్గరికి వచ్చి చెప్పాడు.

"వాము చుట్టూ మందు పెడతన్నానమ్మాయ్. రెండ్రోజులు నీ కోళ్లని వదలమాక."

అలాగేనన్నాను. పదకొండు కోళ్లనూ లెక్కపెట్టి గూట్లో మూశాను. ఎలుకల మందును నూకల అన్నంలో కలిపి ఉండలు కట్టి పెడతారని మా వైపు తెలియనివారు లేరు. నాకూ తెలుసు. ఆయన కోళ్లన్నాడు, నేను కోళ్ల గురించే ఆలోచించాను.

ఆ సాయంత్రం నేను పెట్టిన అయిదు ముద్దలూ చీకటి పడేదాకా పెట్టినచోటే ఉన్నాయి.

మర్నాడు ఉదయం ఆరు కాకముందే బాబాయి పిలిచాడు. వాముకు పది గజాల దూరంలో, కాలువ వైపు తల పెట్టి తల్లి పడి ఉంది. పక్కనే ఒక పిల్ల. రెండోది కనిపించలేదు. గొయ్యి ఆయనే తవ్వాడు. మట్టి కప్పాక పార కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"అది నా ముద్దనుకుని తినలేదమ్మాయ్. నీ ముద్దే అనుకుంది."

నన్ను నిందించడానికి అనలేదు. వాము చుట్టూ మిగిలిన ఉండలన్నీ ఏరి తెచ్చి, నా కళ్లముందే లోతుగా పాతిపెట్టాడు. అవీ నా ముద్దలంతే ఉన్నాయి.

29 సాయంత్రం రెండో పిల్ల ఒంటరిగా వచ్చింది. నేను మళ్లీ ముద్ద కట్టలేదు. అన్నం మూకుట్లో విడిగా పోసి, చీమలు పట్టకుండా మూకుణ్ణి నీళ్ల పళ్లెంలో ఉంచి, అది తినేదాకా కాకులను తోలుతూ దూరంగా కూర్చున్నాను. మొదటి రోజే చెయ్యగలిగిన పని అది.

జూన్ 12న కాలువకు నీళ్లొచ్చాయి. 13న పిల్ల రాలేదు. 14న గట్టు తడిమట్టిలో చిన్న అడుగులు, వాటి పక్కన పీత డిప్ప కనిపించాయి.

ఎనిమిదేళ్ల తర్వాత, బాపట్లలో ఈ పుటలను శుద్ధప్రతి రాస్తున్నాను. పెట్టిన ముద్దలు నూట నలభై ఎనిమిది, ఆఖరి అయిదూ కలపకుండా. మూకుట్లో అన్నం పదిహేను రోజులు. పోయినవి తల్లి, ఒక పిల్ల. మిగిలింది ఒక పిల్ల. కోళ్లు పదకొండూ దక్కాయి.