పురానాపూల్ మీద రిలీవర్

మా ఆయనకు బైపాస్ అయ్యాక డాక్టరమ్మ రాసిన మందులన్నిటిలోకీ చేదు మందు నడక. "రోజూ నడవాలి. చదునైన దారిలో, తొందర లేకుండా, కబుర్లు చెప్పుకుంటూ నడిచేంత నెమ్మదిగా," అంది ఆవిడ. కబుర్ల వరకు మా ఆయన అక్షరాలా పాటించాడు. అమీన్‌పూర్‌లో మా ఫ్లాటు బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు ఆనించి, నాడి కొట్టుకుంటోందో లేదో చూసుకుంటూ పొద్దస్తమానం కబుర్లు చెప్పేవాడు. నడక మాట మాత్రం ఎత్తనిచ్చేవాడు కాదు.

భయం. ఒప్పుకోడు గానీ, భయమే. ఉద్యోగమంతా కొలిమి ముందు నిలబడి చేసిన మనిషి, లిఫ్టు దాకా వెళ్ళాలంటే నా భుజం పట్టుకునేవాడు. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట నుంచి "ఉన్నావా?" అని కేకేసేవాడు. ఉండక ఎక్కడికి పోతాను, సబ్బు నురగతో? డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "గుండె బాగానే ఉందమ్మా. ఆయనే దాన్ని నమ్మట్లేదు. ఇట్లాగే కూర్చుంటే మళ్ళీ నా దగ్గరికే తీసుకురావాల్సి వస్తుంది." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

మాది కొంచెం కలగాపులగం సంసారం. నేను పటాన్‌చెరు పక్కన లక్డారంలో పుట్టిపెరిగినదాన్ని. ఆయనది ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం గోదావరి ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. కొత్తల్లో మా అత్తగారు నాకు "ఏవండీ, మీరు" అనడం నేర్పింది. బుద్ధిగా నేర్చుకుని, కోపం వచ్చినప్పుడు వాడతాను. మిగతా వేళల్లో ఆయన నాకు "నువ్వే".

ఈ సంసారంలో నాకో సవతి ఉండేవాడు. వాడి పేరు రిలీవర్. షిఫ్టు పద్ధతి తెలియని వాళ్ళకు చెప్తాను: ఫ్యాక్టరీలో తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, మిషన్ దగ్గర నిలబడి, ఏది నడుస్తోంది, ఏది మొరాయిస్తోంది అని విని, చార్జ్ తీసుకునేదాకా ముందు షిఫ్టు మనిషి కదలకూడదు. అలా వచ్చేవాడే రిలీవర్. వాడు రాకపోతే డబుల్ డ్యూటీ. నేను పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, సినిమాకు తయారై కూర్చున్న ప్రతిసారీ వాడి స్కూటర్ పంక్చరయ్యేది. "నువ్వు రాకుంటే ఫ్యాక్టరీ కూలిపోతదా?" అని అరిచేదాన్ని. "ఎంత ఆలస్యమైనా వాడొచ్చి తీరతాడు, అందాకా నేను ఉండాలి. నిలబడ్డవాణ్ణి నిలబెట్టి పోవడం మా దగ్గర లేదే," అనేవాడు. రిటైరైన రోజున నేను రహస్యంగా కొబ్బరికాయ కొట్టింది ఆ రిలీవర్ పీడ వదిలినందుకే.

సరే, నడక సంగతి. మా పై అంతస్తులో ఉండే ఆవిడ యూరప్ టూరు నుంచి తిరిగొచ్చి, ఫోన్లో ఫోటోలు చూపించింది. ఏదో పాతకాలపు నగరం, మధ్యలో నది, ఒడ్డున ముసలీ ముతకా తీరుబడిగా నడుస్తున్నారు. మా ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "అలాంటి చోటైతే నేనూ నడుద్దును," అన్నాడు. ఆ మాట అన్నది యూరప్ చాలా దూరం కదా అన్న ధీమాతో.

నేను ఊరుకుంటానా? "పాత పట్నమంటే మన పటాన్‌చెరు కన్న పాతదేంది? ఎన్నడో రాజులు ఏలిన జాగ. నక్కవాగు పొంటి నడుద్దాం పా," అన్నాను.

"వాగు నది కాదే."

"అయితే సంగారెడ్డి దిక్కు పోదాం. మంజీర ఉన్నది."

"అక్కడ నదుంది, నగరం లేదు. నాకు రెండూ కలిసి ఉండాలి," అన్నాడు, తప్పించుకున్నానన్న సంతోషం మీసాల కింద దాచుకుంటూ.

"మూసీ!" అన్నాను. కోఠి బస్సు ఎక్కితే నది ఉంది, నాలుగొందల ఏండ్ల పట్నం ఉంది. అన్నమాట అన్నమాటే.

ఆ ఆదివారం నా హడావుడి చూడాలి. రెండు నీళ్ళ సీసాలు, మాత్రల డబ్బా, గొడుగు, తువ్వాలు, నాలుక కింద పెట్టే బిళ్ళ. ఆయన తెల్లచొక్కా వేసుకుని, రిటైరైన నాటి నుంచి తొడగని బూట్లు తొడుక్కున్నాడు. బస్సులో ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ ఆయన ముక్కు ముందు ఆడించి, "నాది గవర్నమెంట్ ఇజ్జత్. నీది పైసల టికెట్," అన్నాను. కండక్టరమ్మ కూడా నవ్వింది. నాలుగు నెలల తర్వాత ఇల్లు దాటామేమో, కాలేజీ ఎగ్గొట్టి వచ్చినట్టు ఉంది నాకు. కూకట్‌పల్లి ట్రాఫిక్ కూడా ముద్దొచ్చింది.

కోఠిలో ఎక్కిన ఆటో నయాపూల్ దగ్గర దిగి నదిని చూడగానే మా ఆయన ముక్కు మూసుకున్నాడు. "ఇది నదా?"

"దీని పేరు మూసీ. జెర ఇజ్జత్ ఇయ్యి."

"వాసనే!"

"మీరు ఫ్యాక్టరీల పీల్చింది మల్లెపూల వాసననా?" అన్నాను. 'మీరు' వినబడగానే ముక్కు మీద చెయ్యి తీశాడు.

నీళ్ళ మీద గుర్రపుడెక్క ఆకు పచ్చగా పరుచుకుని ఉంది. దాని మీద కొంగలు ఒంటికాలి మీద నిలబడి, తమది స్వచ్ఛమైన నదే అన్నంత హుందాగా ఉన్నాయి. ఆదివారం కాబట్టి హైకోర్టు ముందు నల్లకోట్లు లేవు, ఎర్రటి గోడలు, గుమ్మటాలు, పావురాలు మాత్రమే. పాత వంతెన పురానాపూల్ దాకా నడిపిస్తానని నేను గైడునైపోయాను. తెలిసింది కొంత, కల్పించింది కొంత. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, నాడి సంగతి మధ్య మధ్యలో మర్చిపోతూ, నడిచాడు. నడిచాడండీ! ఒక గోడ నీడ నుంచి మరో గోడ నీడలోకి, కబుర్లు చెప్పుకుంటూ, తొందర లేకుండా. నాకు రోడ్డు మీద గంతులేయాలనిపించింది. నా వయసు, నా మోకాళ్ళు అడ్డొచ్చాయి.

సిటీ కాలేజీ దాటాక ఒక చాయ్ బండి పక్కన బల్ల కనబడింది. ఆయన దాని మీద కూలబడి, వేళ్ళు మళ్ళీ మణికట్టు మీదికి పంపించాడు.

"ఏమైతుంది? నొప్పా?"

"నొప్పి లేదు. చాలు. నువ్వెళ్ళి ఆ వంతెనేదో చూసి రా. నేనిక్కడే ఉంటా."

"గీ కొంచెం దూరం. దా, పట్టుకుంట."

"ఎన్నాళ్ళు పట్టుకుంటావే? నువ్వు ఒక్కదానివి వెళ్ళు. నడుస్తుంటే మధ్యలో ఆగిపోతుందేమో అనిపిస్తుంది. కూర్చుంటే తెలుస్తుంది, కొట్టుకుంటున్నట్టు."

మొదటిసారి నోరు తెరిచి చెప్పాడు. నాకు జాలి వేసింది. జాలి వెనకే కోపం వచ్చింది. రెండూ కలిసి కాళ్ళలోకి దిగాయి. చాయ్‌వాలాకు "ఈయనను జెర చూడు భయ్యా," అని చెప్పి, నీళ్ళ సీసా, నాలుక కింది బిళ్ళ ఆయన ఒళ్ళో పెట్టి విసవిసా వెళ్ళిపోయాను.

పురానాపూల్ మీద మోటారు బండ్లు తిరగవు. రాతి కమానుల మీద కూరగాయల గంపలు, ఉల్లిపాయల కుప్పలు, బేరాలు. ప్రియురాలి కోసం ఒక చిన్న రాజు వరదలో గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణం మీద తీపితో తండ్రి ఈ వంతెన కట్టించాడని మా నాన్న చెప్పేవాడు. నా రాజుకు పొడి రోడ్డు, చాయ్ బండి, నీళ్ళ సీసా ఉన్నా కదలడు. వంతెన మధ్యలో నిలబడి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. నోటికి వచ్చింది అన్నాను.

"నేను పురానాపూల్ మీద డ్యూటీల ఉన్న. రిలీవర్ వచ్చి చార్జ్ తీసుకునేదాక ఈడికెల్లి కదల."

"ఏంటే పిచ్చి మాటలు?"

"నిలబడ్డోళ్ళను నిలబెట్టి పోవుడు మీ దగ్గర లేదు కదా!" అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక నా గుండె కొట్టుకున్న తీరు చూస్తే ఆపరేషన్ నాకే చేయాల్సిందేమో. పక్కన కొత్తిమీర కట్టలమ్మే అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఎండల నిలవడ్డవేంది బిడ్డా? ఎవరన్న వస్తుండ్రా?"

"మా ఇంటాయన. గుండె ఆపరేషన్ అయింది అవ్వా. ఒక్కడే నడిసి వస్తుండు."

"ఒక్కన్నే ఇడిసిపెట్టి వచ్చినవా? ఎంత గట్టి గుండె నీది! పో, ఎదురు పో!"

నాలుగడుగులు వేసి ఆగిపోయాను. ఎదురు వెళ్తే మళ్ళీ నా భుజం పట్టుకుంటాడు. రేపటి నుంచి మళ్ళీ కుర్చీయే. తిరిగి వచ్చి గొడుగు విప్పి కాపలావాడిలా నిలబడ్డాను. అవ్వ నన్ను తిట్టింది, మళ్ళీ తనే పక్కకు జరిగి నీడ ఇచ్చింది. వచ్చే ప్రతి తెల్లచొక్కా ఆయనే అనిపించింది. ఏ తెల్లచొక్కా ఆయన కాలేదు.

చివరికి ఉల్లిపాయల తోపుడుబండి వెనక నుంచి ఆ పాత బూట్లు కనబడ్డాయి. నిటారుగా, నెమ్మదిగా, షిఫ్టుకు వెళ్ళే నడక. మణికట్టు మీద వేళ్ళు లేవు. ఎందుకంటే ఆ చేతిలో కాగితం పొట్లం ఉంది, పొట్లంలో జామకాయ ముక్కలు. నేనిక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని చస్తుంటే, ఈ మనిషి దారిలో ఆగి జామకాయ బేరమాడి కోయించుకుని వచ్చాడు!

"ఉప్పు వద్దన్నాను. కారమే," అన్నాడు, నేను తిట్టేలోపు. ఆయాసపడుతున్నాడు గానీ ముఖం వెలిగిపోతోంది. నా ఎదురుగా నిలబడి, పాత పద్ధతిలో గొంతు సవరించుకున్నాడు. "రిలీవర్ వచ్చాడు. చార్జ్ ఇవ్వు."

నాకు నవ్వాగలేదు. "నది నడుస్తున్నది. వాసన నడుస్తున్నది. ఈ పూల్ నాలుగొందల ఏండ్ల సంది నడుస్తున్నది. ఒక్క మిషన్ నాలుగు నెలల సంది బందై ఉండె. గిప్పుడే స్టార్టయింది."

ఆయన నవ్వలేదు. "నువ్వు డ్యూటీ ఎక్కి ఎంతసేపైంది?"

"ఇగ గిప్పుడే కదా, ఫోన్ చేసినప్పటి సంది."

"కాదు. నన్ను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు ఎక్కావు. రాత్రిళ్ళు నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తావు, నిద్రపోయాననుకుని. నాకు తెలుసే. అప్పట్నుంచీ డబుల్ డ్యూటీయే. నీకే రిలీవర్ రాలేదు." పొట్లం నా చేతిలో పెట్టి, నా భుజానికున్న సంచి తను తగిలించుకున్నాడు. "ఇక దిగు. నేనొచ్చాను."

నాలుగు నెలలు ఎక్కడ దాచానో, ఆ ఏడుపంతా ఆ వంతెన మీద, కొత్తిమీర మధ్య, జామకాయ ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చాను. కారం కూడా కొంత సాయం చేసింది. అవ్వ నాకో కట్ట ఊరికే ఇచ్చి, "తీస్కపో ఈమెను, చారు పెట్టుకోండ్రి," అంది ఆయనతో.

తిరుగు బస్సులో ఆయన భుజం మీద తల పెట్టి, ఎవరి ఊపిరీ వినకుండా నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి కండక్టర్ లాస్ట్ స్టాప్ అంటోంది. మేం దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది. బయట పటాన్‌చెరు బస్టాండు, సాయంత్రపు ఎండ, లారీల దుమ్ము.

"లేపలేదేంది?"

"డ్యూటీ దిగినవాళ్ళని లేపకూడదు," అన్నాడు, సంచి సర్దుకుని దిగుతూ. రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. "నక్కవాగు ఎటువైపే?"

"నది కాదన్నవు గద!"

"చూస్తేగా తెలిసేది," అని ముందు నడిచాడు. అటు కాదు, ఇటు అని అరుస్తూ ఆయన వెంట పడ్డాను.