సగం డబ్బా నూనె

మా వీధిలో మా బావను అందరూ బొంగరం అంటారు. ఎదురుగా అనరు, ఎదురుగా మెకానిక్ గారంటారు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి నిలబడాల్సినంత కొట్టు. గోడకు బెల్టులు, సొరుగుల్లో బాబిన్లు, బల్ల మీద ఎప్పుడూ ఒకటో రెండో మిషన్లు పొట్ట విప్పుకుని ఉంటాయి. చక్రం ఒక్కసారి తిప్పి, తల వంచి విని, "దీని షటిల్ అరిగింది" అని చెప్పేస్తాడు. విప్పి చూస్తే అదే.

బొంగరం అనే పేరు మిషన్ల వల్ల రాలేదు, విమానాల వల్ల వచ్చింది. బావ మూరెడు రెక్కలున్న చెక్క విమానాలు తయారుచేసి ఎగరేస్తాడు. రిమోట్లూ అవీ ఉండవు. విమానం రెక్కకు అరవై అడుగుల సన్నటి ఉక్కు తీగలు రెండు, వాటి కొసలు బావ చేతిలోని చెక్క పిడికి కట్టి ఉంటాయి. పిడి పైకి వంచితే విమానం పైకి, కిందికి వంచితే కిందికి. అది చుట్టూ తిరుగుతుంటే మధ్యలో నిలబడి బావ కూడా తిరగాలి. పిడి జారిపోకుండా పాత కుట్టుమిషన్ తోలు బెల్టు ముక్క మణికట్టుకు కట్టుకుంటాడు.

ఇందులో ఒక చిక్కుంది. ఒకసారి వదిలాక ఆపడానికి బటనేమీ ఉండదు. నూనె అయిపోతేనే ఇంజన్ ఆగుతుంది, అప్పటిదాకా తిరగాల్సిందే. టాంకు నిండా పోస్తే ఆరు నిమిషాలు. ఆ నూనెలో ఆముదం కలుస్తుంది. ఆముదం తాగి మొహం మాడ్చుకున్నవాళ్ళను బోలెడుమందిని చూశాను గానీ, తాగి అంత హుషారుగా ఎగిరేది మాత్రం మా బావ విమానమొక్కటే.

నేను బస్సు కండక్టరుని. నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఖాళీ సీటు కనిపిస్తే ప్రాణం ఒప్పదు. ఈ మూడు గుణాలూ ఈ కథకు కావాలి కాబట్టి ముందే చెబుతున్నాను.

ఊరి చివర విమానాశ్రయంలో ఏటా విమానాల ప్రదర్శన జరుగుతుంది. పొద్దున అసలు విమానాలు చెవులు చిల్లులు పడేలా ఎగురుతాయి, మధ్యాహ్నం పైలట్లు భోజనానికి వెళ్తారు. ఆ ఖాళీలో జనం లేచిపోకుండా పది నిమిషాలు మా బావకిస్తారు. గడ్డి మీద గుండ్రంగా తాడు కట్టి, మధ్యలో ఒక సున్నపు చుక్క పెడతారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ చుక్క మా బావది. విమానం పట్టుకుని వదలడం, నూనె పోయడం నా పని. అక్క మాత్రం ఒక్కసారీ రాలేదు. "ఇంట్లో తిరిగే బొంగరాన్ని చూడ్డానికి టిక్కెట్టు కూడానా?" అనేది.

ఈ ఏడు అక్క నాకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడింది. నేను ఆటపట్టించాను. ఎందుకు వస్తోందో నాకప్పుడు తెలియదు. మూడు నెలలుగా బావకు కళ్ళు తిరుగుతున్నాయి. ఎడమ చెవి లోపల ఏదో తేడా అని, గిరగిరా తిరగడం పూర్తిగా మానేయమని డాక్టరు చెప్పాడు. అటు ప్రదర్శన నడిపే మేనేజరేమో, "రిమోట్ విమానాల క్లబ్బువాళ్ళు మీ పది నిమిషాలు అడుగుతున్నారు. ఈ ఏడు మీరు ఎగరకపోతే వాళ్ళకిచ్చేస్తాం" అన్నాడట. ఒకసారి పోయిన చుక్క మళ్ళీ రాదు. అందుకని బావ రోజూ గదిలో తలుపేసుకుని, గోడ గడియారం పెట్టుకుని తిరిగి చూశాడు. మూడు నిమిషాలు తట్టుకోగలడు. నలభై చుట్లు. ఆ తర్వాత గోడలు కూడా తిరుగుతున్నాయి. అక్క వద్దని ఏడ్చి, పోట్లాడి, చివరికి మూడు నిమిషాలకే ఒప్పుకుంది. నాకు చెబితే సాయంత్రానికి మా డిపో అంతా పాకుతుందని ఇద్దరూ కలిసి నా దగ్గర దాచారు. నా నోటి సంగతి వాళ్ళకు తెలుసు, తప్పు పట్టలేను.

మైదానంలో బావ ఎప్పటిలాగే తీగలు బట్టతో తుడిచి, గట్టిగా లాగి చూసి, పిడి వంచి తోక కదలడం చూసుకున్నాడు. నా చేతికి నూనె డబ్బా ఇచ్చాడు. మిషన్లకు నూనె వేసే పొడుగు ముక్కు డబ్బానే. డబ్బాడు పోస్తే టాంకు నిండుతుంది.

"సగమే పొయ్యరా."

"సగమేంటి బావా?"

"సగం చాలు. చెప్పింది చెయ్యి."

అని సున్నపు చుక్క వైపు నడిచాడు. అప్పుడే రిమోట్ క్లబ్బు కుర్రాడొకడు, మెడలో రిమోట్ పెట్టె వేలాడేసుకున్నవాడు, తాడు పక్కన నిలబడి, "ఏం కండక్టర్ గారూ, ఇంకా తాడు కట్టే ఎగరేస్తున్నారా? వదిలేస్తే తప్పిపోతుందా?" అన్నాడు. వాడి వెనక నలుగురు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంతమంది జనం, వీళ్ళ ముందు సగం టాంకా? ఆరు నిమిషాలు చూపిస్తే గానీ వీళ్ళ నోళ్ళు మూతపడవు అనుకున్నాను. డబ్బా బోర్లించి ఆఖరి చుక్క దాకా పోశాను.

వదిలాను. ఆముదం పొగ మొహాన కొట్టింది. ఎర్రటి రెక్కలు గడ్డి మీద జానెడెత్తున పరుగెత్తి లేచాయి. బావ మధ్యలో సన్నగా, నిటారుగా, చెయ్యి చాచి తిరుగుతున్నాడు. నేను క్లబ్బువాడి వైపు మీసం మెలేసినంత పని చేశాను. అక్క తాడు అవతల మొదటి వరుసలో కూర్చుని, పెదాలు కదుపుతూ వేళ్ళు ముడుస్తోంది. అక్కకు ఇంత భక్తి ఎప్పటి నుంచా అని నవ్వుకున్నాను కూడా.

మూడు నిమిషాలయ్యాక అక్క వేళ్ళు ఆగాయి. లేచి నిలబడింది. విమానం తిరుగుతూనే ఉంది. అక్క నా వైపు చూసింది. తాడు వెంబడే పరుగున వచ్చింది.

"ఎంత పోశావురా?"

"నిండా పోశా. ఏం?"

"ఆయనకు కళ్ళు తిరుగుతాయిరా! మూడు నిమిషాలకు మించి నిలబడలేరు!"

బావ వైపు చూస్తే అప్పటికే అడుగు తడబడుతోంది. కుడికాలు చుక్క దాటి బయట పడింది, మళ్ళీ లోపలికొచ్చింది. చెయ్యి ఊగితే విమానం కూడా ఊగింది. బావ పడితే తీగలు వదులవుతాయి, అప్పుడది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. నేలకేసి కొడితే ముక్కలు జనం మీదికొస్తాయి. ఇంకా మూడు నిమిషాల నూనె ఉంది. ఆ మూడు నిమిషాలూ నేను పోసినవే.

అక్క చెప్పులు విప్పేసి తాడు కింద దూరింది. ఆ తీగలు తగిలితే మనిషి మిగలదు. ఒక్కటే దారి, విమానం ఎత్తున ఉండాలి, ఈమె వంగి వెళ్ళాలి. దేవుడు నాకీ గొంతు ఎందుకిచ్చాడో ఆ క్షణాన తెలిసింది. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు దాకా వినిపించే కేక పెట్టాను.

"బావా! పైకెత్తు! అక్క వస్తోంది! పైకెత్తు!"

విన్నాడు. ఎడమ చెవి పాడైనా కుడి చెవికి నా కేక చేరింది. పిడి వంచి, చెయ్యి తల పైకి లేపాడు. విమానం ఎత్తుకు వెళ్ళింది. అక్క నడుము వంచి గడ్డి మీద పరుగెత్తింది. ఇంట్లో బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషి. విమానం నీడ రెండుసార్లు ఆమె మీదుగా పోయింది. చుక్క దగ్గరికి చేరి, వెనక నుంచి రెండు చేతులతో బావ నడుము చుట్టేసి పట్టుకుంది.

ఏమన్నదో తర్వాత బావే చెప్పాడు.

"మీరు పైకి చూడండి. విమానాన్నే చూడండి. కాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఇక ఇద్దరూ కలిసి తిరిగారు. ఆయన తలెత్తి విమానాన్ని చూస్తున్నాడు, ఆమె తల దించి నేలను చూస్తూ, అడుగు పక్కన అడుగు వేయిస్తోంది. బావ వాలినప్పుడల్లా తన భుజంతో నిలబెడుతోంది. పెళ్ళిలో పక్కపక్కన నిలబడి ఫొటో దిగడానికే సిగ్గుపడిన మనిషి, వేలమంది ముందు మొగుణ్ణి కావలించుకుని తిరుగుతోంది. మైకులో వ్యాఖ్యాత, "ఇదేదో కొత్త విన్యాసం! దంపతులిద్దరూ!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. నేను మాత్రం తాడు పట్టుకుని బావురుమని ఏడ్చాను. క్లబ్బు కుర్రాడు నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి తోసేసే ఓపిక కూడా లేదు నాకు.

ఇంజన్ ఒకసారి దగ్గి ఆగింది. బావ పిడి నెమ్మదిగా దించాడు. విమానం నిశ్శబ్దంగా జారి, గడ్డి మీద చక్రాలు ఆనించి, కొంచెం దూరం పరుగెత్తి నిలబడింది. ఒక్క గీత పడలేదు.

వాళ్ళిద్దరూ ఉన్నచోటే కూలబడ్డారు. నేను పరుగెత్తేసరికి బావ కళ్ళు మూసుకుని అక్క భుజం మీద తల పెట్టుకున్నాడు. చెయ్యి ఇంకా పిడిని వదల్లేదు.

"బావా, నిండా పోసింది నేనే."

"తెలుసురా. నలభై ఒకటో చుట్టులోనే తెలిసింది."

"తిట్టు బావా. రెండు తన్నినా పడతాను."

"కళ్ళు తెరిచాక తంతా. ఇప్పుడు తెరిస్తే నువ్వే ముగ్గురుగా కనిపిస్తావు, ఎవర్ని తన్నాలో తెలీదు."

అక్క నా వైపు చూడనే లేదు. ఆమె అరికాళ్ళ నిండా గడ్డి పచ్చ, బొటనవేలి పక్కన చీరుకుపోయి రక్తం. నేను జేబురుమాలు తీసి ఇచ్చాను. తీసుకుంది.

ఇంతలో మేనేజరు రాసుకునే అట్ట పట్టుకుని హుషారుగా వచ్చాడు. "అదరగొట్టేశారండీ! వచ్చే ఏడాదికి కూడా రాసుకోమంటారా? ఇద్దరి పేర్లూ?"

బావ కళ్ళు తెరిచాడు. సున్నపు చుక్కను చూశాడు. అది వాళ్ళ కాళ్ళ కింద నలిగి సగం చెదిరిపోయింది. ఇక చాలు అని చెప్పడానికే ఆయన పెదవి విప్పాడని నాకర్థమైంది. పద్దెనిమిదేళ్ళు చూసినవాణ్ణి, ఆ మొహం నాకు తెలుసు. కానీ ఆ మాట అనకుండా అక్క కేసి చూశాడు.

అక్క నా వైపు తిరిగింది. చెయ్యి చాచింది.

"ఆ నూనె డబ్బా ఇటియ్యి."

ఇచ్చాను. బోర్లించి చూసింది, చుక్క కూడా రాలలేదు. నా జేబురుమాలుతోనే దాని ముక్కు తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"రాసుకోండి" అంది మేనేజరుతో. "ఇక మీదట పోసేది నేను."