పొద్దుగుంకే వైపు

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వచ్చే సాయంత్రం బస్సులో ముందు సీటు ఎవరైనా ఇస్తానన్నా నేను కూర్చోను. పొద్దు తిన్నగా కళ్ళల్లోకి కొడుతుంది. నిన్న బస్సు కిటకిటలాడుతోందని కండక్టరు బలవంతాన అక్కడే కూర్చోబెట్టాడు. కళ్ళు మూసుకున్నా ఎర్రటి వెలుగు లోపలికి వస్తూనే ఉంది. ముఖం చుర్రుమంటుంటే పాపారావు మాస్టారు గుర్తొచ్చారు. గుర్తు రావడమేమిటి నా మొహం, ఆయన్ని మరిచిపోయిందెప్పుడు? మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. రాజాం దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, మా కళింగపట్నం హైస్కూలుకి సోషల్ చెప్పడానికి వచ్చి, సముద్రం మీద మోజుతో అక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఇవాళ నేను సోషల్ టీచర్ని అయ్యానంటే అది ఆయన చలవే.

గోడకు తగిలించే పటమంటే ఆయనకి చిరాకు. దిక్కుల పాఠం వచ్చిందంటే క్లాసు మొత్తాన్నీ తెల్లారగట్ల ఒడ్డుకి నడిపించేవారు. నీళ్ళలోంచి పొద్దు పొడుస్తుంటే మమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఎదర ఏటున్నాది?" అని అడిగేవారు. పొద్దు అనేవాళ్ళం. "ఎనకాల?" ఇల్లు అనేవాళ్ళం. "మరైతే నడి సముద్రంలో దారి తప్పితే ఏటి సేస్తారు?" దీనికి మాత్రం మా క్లాసులోని జాలరి పిల్లాడు దానయ్య ఎవరికీ అవకాశం ఇచ్చేవాడు కాదు. "పొద్దుగుంకే పక్కకి తిప్పీడమే మాస్టారూ. ఆ పక్కే ఇల్లు." మాస్టారు మురిసిపోయి వాడి వీపు తట్టేవారు. మా తరవాత వచ్చిన పిల్లలందరికీ కూడా ఆయన ఆ పాఠం అలాగే చెప్పారు. తూర్పున సముద్రం ఉన్న ఊళ్ళో అంతకన్నా నిజమైన పాఠం ఇంకేముంటుంది?

దానయ్య పదో తరగతితో చదువు ఆపేశాడు. మా ఒడ్డున పెద్ద బోటు ఆగడానికి జెట్టీ లేదు. ఒడ్డు దగ్గర చేప పలచబడిపోయింది. అందుకే వానలు తగ్గుముఖం పట్టగానే మగవాళ్ళంతా మూటలు కట్టుకుని రైలెక్కి గుజరాత్ వెళ్ళిపోతారు. అక్కడి బోట్ల మీద వేట చేసి, వేసవిలో వేట ఆపేసినప్పుడు తిరిగొస్తారు. దానయ్యా అలాగే వెళ్ళేవాడు. వచ్చినప్పుడల్లా మాస్టారి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని అక్కడి కబుర్లు చెప్పేవాడు. తండ్రి లేని పిల్లాడు. ఆయన దగ్గర వాడికి చనువెక్కువ.

ఒక చలికాలం పొద్దున్నే టీవీలో వార్త వచ్చింది. మా వాళ్ళు పనిచేసే బోటుని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారు. దానయ్య అందులో ఉన్నాడు. అప్పటికి మాస్టారు రిటైరయ్యారు, నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. దానయ్య తల్లి నూకమ్మని వెంటబెట్టుకుని మేమిద్దరం శ్రీకాకుళంలో ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాం. ఒక ఆఫీసులో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, "చేపల కక్కుర్తితో బోర్డరు దాటడం ఎందుకు, తరవాత ఏడవడం ఎందుకు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేదో అనబోతుంటే మాస్టారు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. ఆ మాట నూకమ్మ విన్నది. ఊళ్ళో కూడా అదే మాట పాకిపోయింది, దానయ్య ఆశకి పోయి దాటేశాడని.

బస్టాండులో టీ తాగుతూ మాస్టారన్నారు: "గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ నడుమ ఒక పాయ ఉన్నాదమ్మా, అంతా బురద నేల. ఆటుపోట్లకి ఆ గట్టు ఏటేటా జరిగిపోతాది. సరిహద్దు గీత పాయ నడిమజ్జ అని మనవోళ్ళంటారు, కాదు ఇవతలి గట్టే అని ఆళ్ళంటారు. పాయ దగ్గరే తేలకపోతే సముద్రంలో ఎక్కడ తేలుతాది? ఇటు జాలరిని ఆళ్ళు పట్టుకెళ్తారు, అటు జాలరిని మనవోళ్ళు పట్టుకొస్తారు. ఇద్దరి తాతలూ ఒకే నీళ్ళల్లో వలేసినోళ్ళే." పక్కనే కూర్చున్న నూకమ్మకి ఇదంతా ఏం అర్థమైందో తెలియదు. "మా గుంటడు ఆశపోతు కాదు మాస్టారూ" అంది. ఆ తరవాత ఎన్నిసార్లు కలిసినా ఆమె అన్నది ఆ ఒక్కటే. కొడుకు ఎలాగూ తన చేతుల్లో లేడు, వాడి మంచి పేరైనా దక్కించుకోవాలని ఆమె తాపత్రయం.

ఏడాది దాటాక అక్కడివాళ్ళు ఖైదీలను వదిలారు. మా వాళ్ళు వచ్చారు. దానయ్య రాలేదు. జైల్లో జ్వరం ముదిరి, విడుదలకి కొన్నాళ్ళ ముందే పోయాడు. శవం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. వాడితో బోటులో ఉన్న అప్పన్న మాస్టారిని చూడటానికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అసలు జరిగిందేమిటని మాస్టారే అడిగారు.

"ఇంజను ఆగిపోనాది మాస్టారూ. జీపీఎస్ డబ్బా పాడయిపోనాది. డ్రైవరు జొరంతో పడుకున్నాడు. మంచులో ఏటీ కనపడ్నేదు, నీటివాలుకి కొట్టుకుపోతన్నాం. ఇంజను ఎలాగో బాగుసేసుకునేసరికి సాయంత్రమైపోనాది. అప్పుడు మంచులోంచి పొద్దు కనపడ్డాది. దానయ్య సుక్కాను పట్టుకుని, మాస్టారు సెప్పినారు, పొద్దుగుంకే పక్కే ఇల్లని అటే తిప్పీసినాడు. మేం కూడా సరే అన్నాం. బెదిరిపోయున్నాం కదా, ఎవలికీ బుర్ర పన్జెయ్యనేదు. సచ్చిపోయేదాకా మీ పేరే సెప్పుకున్నాడు మాస్టారూ."

పాపం అప్పన్న ఆ చివరి మాట ఆయనకి ఊరటగా ఉంటుందని అన్నాడు. గుజరాత్‌లో సముద్రం పడమరన ఉంటుంది. అక్కడ పొద్దుగుంకే వైపు వెళ్తే నేల దగ్గరవదు, ఇంకా దూరమైపోతుంది, తిన్నగా వెళ్తే వచ్చేది పాకిస్తాన్ నీళ్ళే. అన్నేళ్ళు అక్కడ వేట చేసినవాడికి అది తెలియక కాదు. ప్రాణభయంలో చిన్నప్పుడు ఒంటికి పట్టిందే పైకొచ్చింది. అప్పన్న వెళ్ళిపోయాక మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. "నూకమ్మకి సెప్పాలి. నువ్వూ రా" అన్నారు. వద్దని బతిమాలాను. చెప్తే ఆమె ఏమైపోతుందోనని ఒకటి, ఆయన ఏమైపోతారోనని ఇంకొకటి. ఆయన వినలేదు.

నూకమ్మ ఇసుకలో వల పరిచి చేపలు ఎండబెడుతోంది. మాస్టారు ఆమె ఎదుట నిలబడి, అప్పన్న చెప్పిందంతా ఏదీ దాచకుండా చెప్పారు. చివరికి, "నీ కొడుకుని అటు పంపింది నేనే నూకమ్మా. నా పాఠమే" అన్నారు. నూకమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"అయితే ఆడు ఆశకి దాటనేదా?" అంది.

"నేదు."

"ఇంటికొస్తన్నాడా?"

"ఆఁ, ఇంటికే వస్తన్నాడు."

ఆమె అక్కడే ఇసుకలో కూలబడి, అప్పటిదాకా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. ఆయన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన నాతో తరవాత అన్నారు.

కొన్నాళ్ళకి పెట్టెలో శవం వచ్చింది. మూత తియ్యొద్దన్నారు. మాస్టారు శ్మశానం దాకా నడిచారు. ఆ తరవాత ఆయన ఒడ్డుకు పోవడం మానేశారు. చూడ్డానికి వెళ్తే రోజురోజుకీ చిక్కిపోతూ కనిపించేవారు. ఒకసారి నన్ను కూర్చోబెట్టి, "నిజం సెప్పీసేం అనుకుంటాం అమ్మా. అది ఎందాకా నిజమో కూడా సెప్పాల. నేను సెప్పనేదు" అన్నారు. ఆ వేసవిలోనే పోయారు.

నేను పిల్లలకి సరిహద్దుల పాఠం ఏటా చెప్తున్నాను. నదులు, కొండలు, భాషలు, మతాలు అని కారణాలు రాయిస్తాను, మార్కులు వేస్తాను. నిన్న కళింగపట్నం వెళ్ళింది నూకమ్మని చూడటానికే. చూపు మందగించింది. గొంతు పట్టి నన్ను పోల్చుకుంది. ఆవిడ మనవడు, దానయ్య అన్నకొడుకు, ఈ ఏడు గుజరాత్ వెళ్తున్నాడట. వాడి బట్టలు సంచిలో సర్దుతూ ఉన్నట్టుండి అడిగింది.

"మాస్టారు సెప్పింది తప్పేటమ్మా?"

"తప్పు కాదు నూకమ్మా. మన ఒడ్డున అది నిజమే."

"మన ఒడ్డున కూడు నేదు కదమ్మా" అంది.

ఆమె సంచి మూతి బిగించి కట్టింది.