లక్ష్మణమ్మ నేర్చిన వైర్ల విద్య

లక్ష్మణమ్మ నౌపడలోని ఉప్పు వ్యాపారుల సంఘం ఆఫీసులో పదకొండేళ్లుగా అటెండరు. పుట్టిల్లు కళింగపట్నం, వేటకెళ్లే కుటుంబం. బడికెళ్లింది మూడో తరగతి దాకానే. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు రాదు. శుభ్రం విషయంలో మాత్రం ఆమెకు సాటి లేదు.

2014 వేసవిలో ఒక మంగళవారం పొద్దున ఆఫీసులోని నాలుగు కంప్యూటర్లకీ ఒకేసారి ఇంటర్నెట్ పోయింది. ఉప్పు వ్యాగన్ల కోసం రైల్వేకి పంపాల్సిన కాగితాలు ఆగిపోయాయి. మేనేజరు జగన్నాధం అన్నిటినీ ఆపి, మళ్లీ వేసి, విసిగిపోయి, శ్రీకాకుళం నుంచి బెన్హర్‌ని పిలిపించాడు. చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. ఇక్కడి వైర్లు వేసిందీ అతనే.

బెన్హర్ వస్తూనే గోడకున్న స్విచ్ పెట్టె చూశాడు. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరేది అందులోకే. దాని దీపాలన్నీ పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. ఒక్కొక్క వైరే పీకుతూ పోయాడు. ఆరోది పీకగానే దీపాలు కుదుటపడ్డాయి. చూస్తే దాని రెండో కొస కూడా అదే పెట్టెలో ఉంది.

"ఇదెవులు పెట్టినారు?" అన్నాడు. "పంపిందంతా ఇందులోనే గిరగిరా తిరుగుతాది. ఇంక బయటికేటి పోతాది?"

జగన్నాధం గుమస్తాల వైపు ఉరిమి చూశాడు. లక్ష్మణమ్మ చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"నానే బాబూ. నిన్న సాయంత్రం దుమ్ము దులపతంటే ఈ కొస ఏలాడతన్నాది. పక్కన బొక్క ఖాళీగా ఉన్నాది. ఊడిపోనాదేమోనని పెట్టీసినాను."

జగన్నాధం నోరు తెరిచేలోపే బెన్హర్ పెద్దగా నవ్వాడు. "తప్పు నాదక్కా. పనికిరాని వైరు నానే వొదిలీసినాను."

ఆ మాటతో ఆమె సరిపెట్టుకోలేదు. "అయితే ఏ దీపం ఏటి సెప్తాదో నాకు సెప్పు."

బెన్హర్ స్టూలు మీద కూర్చుని అరగంట చెప్పాడు. మర్నాడు లక్ష్మణమ్మ రంగు దారాలు తెచ్చి ప్రతి వైరుకీ రెండు కొసలా కట్టింది. మేనేజరు వైరుకి ఎర్రదారం.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు మేనేజరు కంప్యూటరుకే కనెక్షన్ పోయింది. బెన్హర్ గరివిడిలో ఉన్నాడు, రేపు గానీ రాలేనన్నాడు. లక్ష్మణమ్మ స్టూలెక్కింది. ఎర్రదారం దగ్గర దీపం ఆరిపోయి ఉంది. వైరు ఇంకో బొక్కలో పెట్టింది. వెలగలేదు. పక్క కంప్యూటరు వైరు పీకి మేనేజరు కంప్యూటరుకి తగిలించింది. వెంటనే కనెక్షన్ వచ్చింది.

"మిషను మంచిదే బాబూ. వైరే పోనాది" అంటూ ఎర్రదారం వైరుని గోడ వెంట చేత్తో తడుముకుంటూ పోయింది. బీరువా వెనక ఆగింది.

"ఎలక! ఎలక కొరికీసినాది!" అని ఆఫీసంతా వినబడేలా అరిచింది.

గుమస్తాలు లేచొచ్చారు. కొత్త వైరు వేశాక దీపం పచ్చగా వెలిగింది. జగన్నాధం గొడుగు తీసుకుని, తనే వెళ్లి అందరికీ టీ తెచ్చాడు. మొదటి గ్లాసు ఆమె చేతికిచ్చి, "కూకో లక్ష్మణమ్మా, కూకొని తాగు" అన్నాడు. ఆమె సిగ్గుపడుతూనే కూర్చుంది.

అప్పటినుంచి ఆ ఆఫీసులో ఏ ఇబ్బంది వచ్చినా బెన్హర్ ఆమెనే ఫోనుకి పిలవమనేవాడు. ఏది మంచిదో, ఏది కాదో ఆమె వరసగా చెప్పేది. ఆ ఏడాది చివర్లో రైల్వే గేటు పక్కనున్న ఎరువుల దుకాణం నుంచి ఆమెకు కబురొచ్చింది, తమ కంప్యూటర్లు రెండూ పలకడం లేదని. లక్ష్మణమ్మ జగన్నాధం దగ్గర సెలవు తీసుకుని, జడ బిగించి ముడేసుకుని, చకచకా నడుచుకుంటూ వెళ్లింది.