మావయ్యగారి నిక్సీ గడియారం

మా మావయ్యగారు పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను బడిలో తొమ్మిదో తరగతి పిల్లల చేత లెక్కలు చేయిస్తున్నాను. మావారు ఫోన్లో "నాన్నగారు లేరు" అని రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. పొద్దున్న నేను బయలుదేరేటప్పుడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్న మనిషి. "ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్లమ్మాయ్" అన్నారు. నేను వినిపించుకోకుండా బస్సు కోసం పరిగెత్తాను. వెనక్కి తిరిగి ఒక్కసారి "సరేనండి" అంటే నా సొమ్మేం పోయేది?

ఆయన రాజమండ్రిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. గొప్ప మనిషి అని రాస్తే ఆయనే ఒప్పుకోరు, "ఎందుకమ్మా ఆ అతిశయోక్తులు" అంటారు. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ఇంట్లో ఏ వస్తువు పాడైనా బయటికి పోనిచ్చేవారు కాదు. తనే విప్పేవారు. విప్పినది మళ్లీ ఒక రూపానికి వచ్చేదాకా మాకు మిక్సీ ఉండేది కాదు, ఇస్త్రీ పెట్టె ఉండేది కాదు. నేను రోట్లో పచ్చడి నూరుకుంటూ విసుక్కున్న రోజులు బోలెడు.

అత్తయ్యగారికి నీటికాసులు. చూపు అంచుల నుంచి మెల్లగా మూసుకుపోయే జబ్బు. పోయింది తిరిగి రాదని, మిగిలింది నిలవాలంటే రోజుకు నాలుగుసార్లు వేళ తప్పకుండా చుక్కల మందు వేయాలని డాక్టరుగారు చెప్పారు. కానీ ఆవిడకు గోడ గడియారం ముళ్లు కనిపించేవి కావు. "ఎంతయిందమ్మా?" అని మమ్మల్ని అడగాల్సి వచ్చేది. ఒకరోజు వంట హడావిడిలో ఉండి నేను "ఇప్పుడేగా అండీ చెప్పాను!" అన్నాను. ఆవిడ మర్నాటి నుంచి అడగడం మానేశారు. మందు వేళలు తప్పాయి. మావయ్యగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు గానీ, రెండు రోజులు అన్యమనస్కంగా తిరిగారు. "అడక్కుండా తనంతట తనకి తెలియాలి. అంతే" అని తనలో తను అనుకోవడం విన్నాను. ఎవరి నోటిదురుసు వల్ల ఆ అవసరం వచ్చిందో నాకు తెలుసు. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు ముందు, అత్తయ్యగారు ఫ్రిజ్జు వైపు చెయ్యి చూపించి "ఆ చిన్న దీపం మాత్రం నిప్పురవ్వలా కనపడతందండీ" అన్నారు. స్టెబిలైజరు మీద వెలిగే బుల్లి దీపం అది. మావయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అది నియాన్ దీపం. నియాన్‌తో వెలిగే అంకెలే ఉన్నాయి!"

నిక్సీ ట్యూబు అనే మాట నేను వినడం అదే మొదలు. చూడడానికి చిన్న గాజు బుడ్డి. లోపల సన్నటి తీగతో చేసిన సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. ఏ అంకెకు కరెంటు అందితే ఆ అంకె నారింజ రంగులో వెలుగుతుంది. ఏనాడో వాడకం పోయిన సరుకు. ఆయన కాకినాడ పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, ఏదో కాలేజీ వాళ్లు పారేసిన కొలత యంత్రాల్లోంచి ఆరు ట్యూబులు, గడియారానికి నాలుగు, పాడైతే మార్చడానికి రెండు, ఊడదీసి తెచ్చారు. ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టెలో దూది పరిచి, అందులో పెట్టి తెచ్చారు. అత్తయ్యగారు పెట్టె తడిమి చూసి సంబరపడి, మూత తీశాక "ఇవెలా తినాలండీ?" అన్నారు.

ట్యూబుకు పదికి పైగా తీగలు అతకాలి. పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలని నన్ను పిలిచారు. నేను చదివింది లెక్కలు, కరెంటు అంటే నాకు స్విచ్చి వరకే తెలుసు. ఆ ట్యూబులు వెలగాలంటే నూట డెబ్భై వోల్టులు కావాలట. పాత వాల్వు రేడియోలోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మరుతో అది సాధించారు. పని మొదలుపెట్టే ముందు నాకు పాఠం చెప్పారు.

"ఒక చెయ్యెప్పుడూ జేబులో ఉండాలమ్మాయ్. రెండు చేతులూ పెట్టావనుకో, కరెంటు ఇటు ఎక్కి అటు దిగుతుంది. మధ్యలో గుండె ఉంది."

"నాకు జేబెక్కడిదండీ?"

"కొంగు బొడ్లో దోపి, చెయ్యి నడుం మీద పెట్టుకో. పోట్లాటకొచ్చినట్టు నిలబడు."

"దానికది కొత్తా ఏంటండీ?" అన్నారు అత్తయ్యగారు లోపల్నుంచి. 

తర్వాత బంగారు గాజులు తీసెయ్యమన్నారు. అక్కడ వచ్చింది పేచీ. పసుపు కుంకుమలతో ఉన్న పిల్ల ఉత్తి చేతులతో ఉండడమేంటని అత్తయ్యగారు ససేమిరా అన్నారు. ఆయన కాసేపు బుర్ర గోక్కుని, సైకిలేసుకుని బజారుకెళ్లి, డజను ఆకుపచ్చ మట్టిగాజులు తెచ్చారు. "గాజులో కరెంటు పాకదే. నీ ఆచారమూ నిలబడింది, నా కోడలూ బతికింది" అన్నారు. ఆ గడియారం పూర్తయ్యేలోపు సగం గాజులు చిట్లాయి. చిట్లినప్పుడల్లా ఆయనే వెళ్లి కొత్తవి తెచ్చేవారు.

గడియారం వెలిగిన సాయంత్రం అత్తయ్యగారు దాని ముందు కూర్చుని, తల కొంచెం పక్కకు వంచి, అక్షరాలు కూడబలుక్కున్నట్టు "ఆరు... రెండు... నాలుగు" అన్నారు. మావయ్యగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. 

అయితే వేసవి వచ్చేసరికి అది రోజూ సాయంత్రానికి పావుగంట వెనకబడడం మొదలుపెట్టింది. కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటుందని పుస్తకంలో ఉంటే, ఆయన ఆ లెక్క మీదే గడియారం కట్టారు. మెట్టలో మోటార్లు, ఊళ్లో ఫ్యాన్లు అన్నీ ఒక్కసారి ఆడే కాలంలో మన కరెంటు ఎన్నడు యాభై కొట్టుకుంది గనక? మందు వేళ కూడా పావుగంట జరిగిపోతోందని తెలిసి ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఒక గోడ గడియారాన్ని బలిచ్చి, కరెంటుతో పనిలేకుండా సెకన్లు లెక్కపెట్టే దాని క్వార్ట్జ్ ముక్క ఇందులో పెట్టి, పక్కన చిన్న బ్యాటరీ అమర్చారు. ఆ తర్వాత కరెంటు పోయి అంకెలు ఆరిపోయినా, లోపల లెక్క నడిచేది.

అలా ఏళ్లు గడిచాయి. మావయ్యగారి చేతులకు వణుకు వచ్చింది. ఒక ట్యూబు మసకబారితే దాన్ని మార్చడానికి పెట్టె విప్పారు. ప్లగ్గు తీశారు గానీ, లోపలి కెపాసిటరులో కరెంటు ఇంకా నిలిచి ఉంటుందని నాకు నేర్పిన మనిషే ఆరోజు మర్చిపోయారు. చెయ్యి వణికి తగిలింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. నేను బడి నుంచి వచ్చేసరికి అత్తయ్యగారు నేల మీద ఆయన పక్కనే కూర్చుని ఆయన అరచేయి రుద్దుతున్నారు. "ఏం కాలేదమ్మాయ్, చిన్న దెబ్బే" అన్నారాయన. ఆవిడ మాత్రం రుద్దడం ఆపలేదు. 

ఆ తర్వాత కూడా ఆయన రోజూ అడిగేవారు. "ఏమే, అంకెలు బాగా కనపడుతున్నాయా? ఇంకొంచెం పెద్దవి చేయమంటావా?" ఆవిడ గడియారం వైపు తిరిగి, "భేషుగ్గా ఉన్నాయండీ. అయిదూ పది అయింది" అనేవారు. సరిగ్గా అంతే అయ్యేది. ఆ పూట ఆయన మొహం చూడాలి.

ఆయన పోయిన ఐదో రోజు. ఇల్లంతా చుట్టాలు. వసారాలో ఎవరో టైమెంతయిందని అడిగితే, అత్తయ్యగారు అలవాటుగా గడియారం వైపు తిరిగి "నాలుగున్నరయింది" అన్నారు. నా చేతి వాచీలోనూ అంతే. యథాలాపంగా నేనూ అటు చూశాను. నాలుగు ట్యూబులూ చీకటిగా ఉన్నాయి. పొద్దున్నెవరో సెల్‌ఫోను ఛార్జింగుకని దాని ప్లగ్గు పీకేశారు. అంతకు నిమిషం ముందే వీధి చివర బడి గంట మోగి ఆగింది.

ఆవిడను పెరట్లోకి తీసుకెళ్లి అడిగాను. మెల్లగా చెప్పారు.

"కనపడక ఏడాదిన్నరయిందమ్మా. బడి గంట, వంతెన మీద రైలు, పాలబ్బాయి... వాటిని బట్టి చెప్పేసేదాన్ని."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"చెబితే ఊరుకుంటారా? ఇంకా పెద్ద అంకెలని మళ్లీ ఆ పెట్టె విప్పుతారు. ఆ చేతులతో. ఆరోజు ఆయన పడ్డ చప్పుడు విన్నాను నేను. కళ్లు పోతే పోయాయి, మనిషి ఉంటే చాలనుకున్నాను."

నేను నిలబడ్డచోటే కూలబడి ఏడ్చాను. ఆవిడే నా తల నిమిరారు. మావయ్యగారికి ఇది తెలుసో లేదో నాకు తెలియదు. తెలియకుండానే, తన గడియారం ఆవిడకు వేళ చెబుతోందన్న తృప్తితోనే ఆయన వెళ్లి ఉండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను.

చుట్టాలందరూ వెళ్లిపోయిన సాయంత్రం మందు వేళయింది. ఇన్నేళ్లూ ఆవిడ వేళ చెబితే ఆయనే వచ్చి చుక్కలు వేసేవారు, చేతులకు వణుకు వచ్చాక ఒకటో రెండో చెంప మీదికి జారేవి. ఆరోజు నేను సీసా పట్టుకుని వెళ్లాను. ఇంకెందుకమ్మా అంటారేమో అనుకున్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, మొహం పైకెత్తి, కళ్లు వెడల్పుగా తెరిచి కూర్చున్నారు. నా చెయ్యి వణకలేదు. చుక్క సరిగ్గా కంట్లోనే పడింది, ఒక్క బొట్టు కూడా పక్కకు పోలేదు. అయినా ఆవిడ కొంగు తీసి, పొడిగా ఉన్న చెంపను మెల్లగా తుడుచుకున్నారు.