హన్మంతు దాచిన మంచు

"పడ్డదా?" అని దుప్పట్లోంచే అడుగుతుంది నిర్మలాదేవి.

"పడలే," అంటాడు హన్మంతు, కర్టెన్ విసురుగా మూసేస్తూ.

ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్ ఊళ్లోని ఆ ఇంట్లో నవంబర్ నుంచి మార్చి దాకా తెల్లారేది ఈ రెండు మాటలతోనే. అడిగేది మంచు గురించి. ఆ జవాబులోని చిరాకు వింటే, ఆకాశం ఈయనకేదో మాటిచ్చి తప్పిందేమో అనిపిస్తుంది. బయట వాన. నిన్నా వానే, మొన్నా వానే. ఈ దేశంలో చలికాలం కాస్తా ముసురుకాలం అయిపోతోందని ఆయన బాధ. ఆ సంగతి చెబితే ఒక్కరూ చెవిన పెట్టరని అంతకంటే పెద్ద బాధ.

జగిత్యాల మనిషికి మంచు పిచ్చి ఎలా పట్టిందని నవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం దొరికి వచ్చిన మొదటి చలికాలమే మంచు కుమ్మరించింది. కార్లు కదలలేదు. వీధిలో వాళ్లంతా తిట్టుకుంటూ ఇళ్లలో కూర్చుంటే, నలభై మూడేళ్ల హన్మంతు ఆఫీసుకు రెండు మైళ్లు నడిచి వెళ్లాడు. బూట్ల కింద కరకరమనే చప్పుడు, ముక్కుపుటాలు అదిరే చలి, ఎటు చూసినా తెలుపు. ఒళ్లు తేలికైపోయింది. మంచు కరిగినా నడక ఆగలేదు. ఎండలు వచ్చేసరికి షుగర్ దిగింది, డాక్టరు రెండు మాత్రల్లో ఒకటి మాన్పించాడు.

అప్పటి నుంచి మంచే ఆయన వైద్యుడు. మంచు బతకాలంటే భూమి చల్లగా ఉండాలి కదా అని ఆలోచన అక్కడికి పాకింది. ఇంట్లో హీటింగ్ తగ్గించి అందరికీ స్వెట్టర్లు తొడిగించాడు. రెండో కారు అమ్మించాడు. ఎవరింటికి టిఫిన్‌కు వెళ్లినా, ఇడ్లీ చల్లారిపోయేదాకా భూమి వేడెక్కడం గురించి చెప్పేవాడు. కొన్నాళ్లకు జనం ఆయన పక్కన కూర్చోవడం మానేశారు.

రెండువేల పద్దెనిమిది మార్చిలో మళ్లీ దట్టంగా పడింది. కూతురు నిఖితకు అప్పుడు పద్నాలుగేళ్లు. తండ్రీకూతుళ్లిద్దరూ తోటలోకి పరుగెత్తి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో మంచు కూరి ఫ్రీజర్‌లో పెట్టారు. "వచ్చే ఏడు కొత్తది పడంగనే ఇది పారేద్దాం," అన్నాడు. తర్వాత పడ్డవన్నీ పొడి పలకరింపులే. నేల తెల్లబడేలోపే బురదయ్యేవి. డబ్బా అలాగే ఉండిపోయింది.

నడక మాత్రం ఉండలేదు. వానలో నడిస్తే జలుబు, ఎండలో నడిస్తే తలనొప్పి. "మంచు పడనీ, మల్ల షురూ చేస్త," అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. వీధి చివర దుకాణానికి పాలకోసం కూడా కారు తీసేవాడు. పైగా వంటింటి ఫ్రీజర్ నిండిపోయిందని ఆ డబ్బాను గరాజ్‌లోని పాత డీప్ ఫ్రీజర్‌లోకి మార్చి, దాన్ని ఏళ్ల తరబడి ఆపకుండా నడిపించాడు. మనసు బాగోకపోతే వెళ్లి మూత తీసి, వేలితో ఓసారి తాకి వచ్చేవాడు.

ఈ జనవరిలో ఓ శుక్రవారం పొద్దున డాక్టరు క్లినిక్కులో నర్సు ఆయన రిపోర్టు చూసి పెదవి విరిచింది. ఏప్రిల్‌కల్లా షుగర్ తగ్గకపోతే ఇన్సులిన్ సూది తప్పదంది. రోజూ నడుస్తున్నారా అని అడిగింది. మంచు పడటం లేదని చెబితే ఆమెకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా గరాజ్‌లోకి వెళ్లాడు హన్మంతు. ఫ్రీజర్ తెరిచాడు. డబ్బా లేదు.

"నిర్మలా! గీ ఫ్రీజర్ల డబ్బా ఏది?"

వంటింట్లో నిర్మలాదేవి ఇడ్లీ పిండి కలుపుతోంది. సాయంత్రం డాక్టర్ రామకృష్ణారావు, ఆయన భార్య వైదేహి టిఫిన్‌కు వస్తున్నారు. "కొబ్బరి డబ్బానా? చట్నీకని పొద్దుగాల తీసి బయట పెట్టిన. ఇందాక చూస్తే అన్నీ నీళ్లే. ఖరాబైందనుకొని సింకుల పోసిన."

తెలుగువాళ్ల ఇళ్లలో ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండదు. కరివేపాకు ఉంటుంది, గోంగూర ఉంటుంది, కొబ్బరి తురుము ఉంటుంది. తెల్లగా గడ్డకట్టి కనిపించింది, కొబ్బరే అనుకుంది. ఆమె తప్పేముంది?

"అది కొబ్బరి గాదే! మంచు! నా మంచు!" ఇంతెత్తున లేచాడు హన్మంతు.

"డబ్బా మీద పేరు రాసి పెట్టచ్చు గద?"

గొడవ విని నిఖిత మేడ దిగి వచ్చింది. విషయం తెలుసుకుని, "డాడ్, ఇట్స్ జస్ట్ వాటర్," అంది. ఆ డబ్బా తనూ నింపిందని దానికి గుర్తుందో లేదో. ఆ మాట ఆయనకు పుండుమీద కారం చల్లినట్టయింది.

"ఆడ ఇన్సులిన్ అంటున్నరు, ఈడ మీరు నా మంచు సింకుల పోస్తరు!"

నిర్మలాదేవి చేతిలో గరిటె ఆగింది. "ఇన్సులినా?"

ఆమె చేతులు కడుక్కుని, ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఏండ్ల సంది గా గుప్పెడు మంచు కరగకుంట కాపాడిన్రు. దానికోసమని ఫ్రీజర్ రాత్రింబగళ్లు నడిపిచ్చిన్రు. మాకేమో స్వెట్టర్లు తొడిగిపిచ్చిన్రు. మీ పానాన్ని గట్ల ఒక్క నెలన్న కాపాడుకున్నరా?"

హన్మంతు కోపంగా బయటికి పోదామని గోడకున్న కారు తాళం అందుకున్నాడు. ఆమె ఆ తాళాన్నే చూస్తోంది. ఆయనకు సిగ్గేసింది. తాళం కొక్కేనికి తగిలించి, తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

అది నడక కాదు, తిట్ల ఊరేగింపు. గుంతలు పూడ్చని కౌన్సిల్‌ను తిట్టాడు, నర్సును తిట్టాడు, కొబ్బరి చట్నీని కనిపెట్టినవాణ్ణి తిట్టాడు. పాత ఆఫీసు రోడ్డు మలుపు దగ్గరికి వచ్చేసరికి తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు, తను తప్ప. మేజోళ్లు తడిసి ముద్దయ్యాయి. కరకర లేదు, తెలుపు లేదు, ఏ ఆనందమూ లేదు. తిరిగొచ్చేసరికి గంటన్నర పట్టింది. గరాజ్‌లోకి వెళ్లి ఫ్రీజర్ ప్లగ్ పీకేశాడు.

సాయంత్రం అతిథులు పల్లీ చట్నీతో ఇడ్లీ తిన్నారు. హన్మంతు భూమి గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. ఒంట్లో బాగోలేదా అని రామకృష్ణారావు రెండుసార్లు అడిగాడు.

మర్నాడు పొద్దున నిర్మలాదేవి అలవాటు కొద్దీ దుప్పట్లోంచి అడిగింది. "పడ్డదా?"

కర్టెన్ వేసినట్టే ఉంది. ఆయన మెట్ల మీద కూర్చుని, ఇంకా ఆరని బూట్లలోకి కాళ్లు దూర్చుకుంటూ గొణుగుతున్నాడు.

"పడలే. పడదు గూడ. వాన దంచుతున్నది."

"మరి గీ వానల ఎటు పోతున్నరు?"

"నడిచొస్త," అని తలుపు దబాలున వేసి వెళ్లాడు.