సింహాచలం కొండ మీద పొగ పరీక్ష

ఆ రోజుల్లో తెల్ల రుమాలు నల్లబడకపోతే లోకమంతా శుభ్రంగా ఉన్నట్టేనని నమ్మేవాణ్ణి. డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో పొగ పరీక్ష చేసే ఉద్యోగం నాది. ఖాళీ బస్సును నిలబెట్టి, ఇంజను మెల్లగా ఆడిస్తూ, పొగగొట్టం దగ్గర రుమాలు పట్టుకోవడమే పని. రుమాలు తెల్లగా ఉంటే ‘పొగ లేదు’ అని చీటీ రాసి, కింద ఇంత పెద్ద సంతకం పెట్టేవాణ్ణి (ఆ శ్రద్ధ ఇంజను మీద పెట్టి ఉంటే బాగుండేది).

ఒకసారి సింహాచలం కొండకు తిరిగే బస్సు నల్లటి పొగ కక్కుతోందని యాత్రికులు గొడవ పెట్టారు. ఓనరు నా చీటీ చూసి, బండి బాగానే ఉంది కాబట్టి తప్పు తోలేవాడిదేనని తేల్చి, మా డ్రైవరు మావయ్యను సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నాడు (నాకు వరసకేమీ కాడు, షెడ్డులో అందరికీ మావయ్యే). ముగ్గురు పిల్లల తండ్రి. అయినా నన్ను పల్లెత్తు మాట అనలేదు. “బాబూ, ఖాళీ బండి నిలబడుంటే పొగెందుకొత్తాది? జనాన్నెక్కించి కొండ తోలితే కదా దాని గుట్టు తెలిసీది. నాను తోల్తాను, మీరెనకాల సూడండి,” అన్నాడు. సిగ్గుతో తలూపి, ఓనరును బతిమాలి ఆదివారానికి బస్సు అడిగాను.

మరి జనం? చర్చిలో ప్రార్థన అవగానే మావయ్య తన సంఘాన్నంతా ముసలమ్మలతో సహా ఎక్కించేశాడు. “ఏట్రా, మమ్మల్ని బస్తాల్లాగ పట్టుకెల్తన్నావు?” అని ఒకావిడ అడిగితే, “నా ఉద్యోగం మీ బరువు మీదున్నాది పెద్దమ్మా, కుదురుగా కూకో,” అన్నాడు. లోపల వాళ్లు పాటలు పాడుతుంటే, వెనక నిచ్చెన పట్టుకుని నేను రుమాలుతో వేలాడాను. మొదటి మలుపు తిరిగేసరికి రుమాలు, చొక్కా, మొహం ఒకే రంగుకొచ్చాయి. పైన దిగాక ఆ పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, “ఈ బాబెవుడు, మనతో ఎక్కినోడు కాడే,” అంది. తర్వాత పోల్చుకుని, నా చేతులు చూసి జాలిపడి, పనస తొనలు తనే నా నోట్లో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ చేత ఇంజను విప్పించి చూసి, ‘నా పరీక్షే తప్పు, లోపం డీజిల్ పంపుది, డ్రైవరుది కాదు’ అని ఓనరుకు రాసిచ్చాను. ఆ సంతకం మాత్రం చాలా చిన్నది. పంపు బాగుచేయించారు. మావయ్య ఉద్యోగం నిలబడింది. ఇకపై కొండ మీదే పరీక్ష చెయ్యమని ఓనరు నన్నూ ఉంచాడు. నా చీటీ వల్ల నోటి దగ్గర కూడు పోబోయిన మనిషి, నన్ను తిట్టకుండా పని నేర్పాడు. ఆ రుణం నేనెప్పటికీ తీర్చుకోలేను.

ఇప్పటికీ గోపాలపట్నంలో నా స్కూటరుకు పొగ పరీక్ష నిలబెట్టే చేస్తారు. “నన్నెక్కించుకుని కొండ తోలి చూడు నాయనా,” అంటే అక్కడతను నవ్వేసి చీటీ చేతిలో పెడతాడు. కింద అతని సంతకం ఎంత పెద్దదో చూసుకుని, నేనూ నవ్వుకుంటూ ఇంటికొస్తాను.